‘డబ్బిచ్చిన ఏజెంటు’ ఎవరు? – తెలుగులో విశేషణ వాక్యాలు

ఖురియాత్ మస్కట్ నుంచి సూర్ వెళ్ళే దారిలో ఉన్న సముద్రతీరపు ఊరు. ఒక పాత కోట, చేపల రేవు, ఊరికి వెనక కొండలు. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ ఈ ఊరిని తగలబెట్టాడని చరిత్ర చెబుతుంది. ఇప్పుడిక్కడ ఏ చిన్న కొట్టు ముందు నిలబడ్డా అయిదారు భాషలు వినిపిస్తాయి. కొట్టువాడు మలయాళం, డ్రైవరు ఉర్దూ, పక్కన తాపీమేస్త్రీ తెలుగు, వచ్చే ఒమానీలది అరబిక్. ఇన్ని భాషల మధ్య పనిచేసే మనిషికి వ్యాకరణంతో పనేమిటని నేనూ అనుకునేవాణ్ణి. ఒక్క వాక్యం నా చేత ఈ వ్యాసం రాయించింది.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ తన ఏజెంటు మీద ఫిర్యాదు పెట్టుకున్నాడు. చెప్పిన పని వేరు, ఇక్కడ ఇచ్చిన పని వేరు. వీసా కోసం కట్టిన ఎనభై వేలు తిరిగి ఇప్పించమని అతని కోరిక. ఫోనులో తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులోకి మారుస్తుంది కదా, అలా తయారు చేసుకుని నా దగ్గరికి తెచ్చాడు. “సార్, ఒక్కసారి సూడుండ్రి, తప్పులుంటే దిద్దుండ్రి” అన్నాడు. నేను స్పెల్లింగులు చూసి, తేదీలు సరిచేసి ఇచ్చేశాను. మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. ‘ఏజెంటు మీకు ఎంత అప్పు ఇచ్చాడు? దానికి కాగితం ఉందా?’ అని అందులో అడిగారు.

అతను ఫోనులో అన్నమాట ఇది: “పైసలిచ్చిన ఏజెంటు ఫోన్ ఎత్తుతలేడు.” ఫోను దాన్ని ‘డబ్బు ఇచ్చినవాడైన ఏజెంటు’ అనే అర్థంలో ఇంగ్లీషు చేసింది. అతని ఉద్దేశం ‘నేను పైసలిచ్చిన ఏజెంటు’ అని. ఆ ‘నేను’ అతని మనసులో ఉంది, నోట్లోంచి రాలేదు. అతని కథ ముందే తెలుసు కాబట్టి, ఇంగ్లీషు చదువుతున్నా నా బుర్రలో తెలుగు అర్థమే తిరిగింది. ఆ తప్పు నా కంటికి ఆనలేదు.

తప్పు ఫోనుదని నవ్వి ఊరుకోవచ్చు. కాని ఆ తెలుగు వాక్యంలో రెండర్థాలూ నిజంగానే ఉన్నాయి. ఎందుకున్నాయి? మిగతా భాషలవాళ్ళకి ఈ బాధ ఉందా? పెద్దవాళ్ళు, అంటే భాష పూర్తిగా వచ్చినవాళ్ళు, ఇలాంటి వాక్యాలు మాట్లాడేటప్పుడు ఏం చేస్తారు? నాకు తెలిసినంతలో చెబుతాను.

విశేషణ వాక్యం అంటే

‘మనిషి’ అన్న మాట ముందు ‘మంచి’ అని చేరిస్తే విశేషణం. ‘నిన్న వచ్చిన మనిషి’ అంటే ఒక వాక్యం మొత్తాన్నీ విశేషణంగా మార్చి మనిషికి తగిలించామన్నమాట. ఇంగ్లీషులో దీనికి హూ, విచ్, దట్ అనే మాటలున్నాయి. తెలుగులో అలాంటి మాట అక్కర్లేదు, క్రియ రూపం మార్చుకుంటే చాలు. దీన్ని మన వ్యాకరణాల్లో ధాతుజ విశేషణం అనీ, క్రియాజన్య విశేషణం అనీ అంటారు. ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణాలు రాసినవారు రిలేటివ్ పార్టిసిపుల్ అన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో వీటి వివరణ చూడవచ్చు.

రూపాలు నాలుగు. చేసిన (జరిగిపోయినది), చేస్తున్న (జరుగుతున్నది), చేసే (అలవాటుగా జరిగేది, లేదా జరగబోయేది), చేయని (వ్యతిరేకం). ఆఖరిదానికి కాలం లేదు. ‘జీతం ఇవ్వని కంపెనీ’ అంటే ఇవ్వలేదా, ఇవ్వడం లేదా, ఇవ్వదా? మూడూ అవుతుంది. మాటల్లో అయితే సందర్భం చూసి తెలుసుకుంటాం. కాగితం మీద మాత్రం ‘మార్చి నుంచి జూన్ దాకా జీతం ఇవ్వని’ అని నెలలు రాయకపోతే ఎదుటివాడు తనకు అనుకూలమైన కాలాన్ని తీసుకుంటాడు.

విభక్తి ఎక్కడికి పోయింది?

‘నేను ఏజెంటుకి డబ్బు ఇచ్చాను’ అనే వాక్యాన్ని ‘నేను డబ్బు ఇచ్చిన ఏజెంటు’ అని మార్చినప్పుడు ఏజెంటు పక్కనున్న ‘కి’ మాయమైపోతుంది. ఏజెంటుకీ ఇవ్వడానికీ ఏదో సంబంధం ఉందని మాత్రమే ఆ మాట చెబుతుంది. ఏం సంబంధమో వినేవాడు ఊహించుకోవాలి. ఈ కింది ఉదాహరణలు చూడండి.

కర్త: నాకు వీసా ఇచ్చిన ఏజెంటు.
కర్మ: నేను నింపిన ఫారం.
‘కి’ ఉండాల్సింది: నేను డబ్బు ఇచ్చిన ఏజెంటు.
‘తో’ ఉండాల్సింది (పనిముట్టు): మేం గోడ పగలగొట్టిన సుత్తి.
‘లో’ ఉండాల్సింది: నేను ఉండే గది.
‘యొక్క’ ఉండాల్సింది: కొడుకు అమెరికాలో ఉన్న పెద్దావిడ, కాలు విరిగిన మేస్త్రీ.

ఆరు రకాల సంబంధాలున్నా రూపం ఒక్కటే. అసలు వాక్యంలో చోటే లేని మాటలకీ తగిలించవచ్చు. ‘తలుపు కొట్టిన చప్పుడు’, ‘చేపలు వేగుతున్న వాసన’, ‘ఆయన వచ్చిన విషయం’. చప్పుడు తలుపు కొట్టలేదు, వాసన వేగడం లేదు. అయినా మనకు ఎక్కడా తడబాటు రాదు. వీటిని మాటకు మాట ఇంగ్లీషులో పెట్టి చూడండి, కుదరవు.

1977లో ఎడ్వర్డ్ కీనన్, బెర్నార్డ్ కామ్రీ అనే భాషాశాస్త్రవేత్తలు అనేక భాషలను పోల్చి ఒక మెట్ల వరస ప్రతిపాదించారు. కర్త, ప్రత్యక్ష కర్మ, పరోక్ష కర్మ, విభక్తులతో వచ్చే ఇతర నామాలు, షష్ఠి, పోలిక అనేది ఆ వరస. ఒక భాష ఏ మెట్టు దాకా విశేషణ వాక్యం చేయగలిగితే దానికి పై మెట్లన్నిటిలోనూ చేయగలుగుతుందని, కిందకు దిగేకొద్దీ కష్టమవుతుందని వారి సారాంశం. తెలుగులోనూ కొన్ని చోట్ల గోడ తగులుతుంది. ‘నేను ఒక మనిషితో మస్కట్ వెళ్ళాను’ అన్నదాన్ని ‘నేను మస్కట్ వెళ్ళిన మనిషి’ అనలేం. పోలిక అసలే కుదరదు. ‘నేను ఒకతనికంటే పొడుగు’ అనే వాక్యంలోంచి ఆ ‘ఒకతన్ని’ బయటికి లాగి ‘నేను పొడుగైన మనిషి’ అంటే అర్థం తలకిందులవుతుంది.

ఇదే కామ్రీ తర్వాత 1990లలో, ఆసియా భాషలు చాలావాటిలో జరిగేది వేరని రాశారు. వాక్యంలోంచి ఒక నామాన్ని పీకి బయట పెట్టడం కాదు, ఒక వాక్యాన్ని తెచ్చి నామం పక్కన పెట్టడమే, సంబంధాన్ని లోకజ్ఞానం పూరిస్తుందని ఆయన వాదన. మన ‘చేపలు వేగుతున్న వాసన’కి ఈ మాట సరిగ్గా అతుకుతుంది. అయితే లోకజ్ఞానం పూరించాలంటే వినేవాడికీ చెప్పేవాడికీ లోకం ఒకటే కావాలి. మేస్త్రీ లోకంలో ఏజెంటంటే డబ్బు తీసుకునేవాడు. ఆ లోకం తెలియని ఫోనుకు అతను డబ్బు ఇచ్చినవాడయ్యాడు.

కాంటనీస్‌లో ఏమవుతుంది?

ఇలాంటి చిక్కు ఉన్న మరో భాష కాంటనీస్. హాంకాంగ్, మకావు, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతాల్లో మాట్లాడతారు. దీన్ని భాషాశాస్త్రవేత్తలు ప్రత్యేకంగా పట్టించుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో క్రియ తర్వాత కర్మ వస్తుంది, నామం తర్వాత విశేషణ వాక్యం వస్తుంది. తెలుగులో రెండూ ముందే వస్తాయి. రెండు భాషల్లోనూ ఒక పొంతన ఉంది. కాంటనీస్‌లో క్రియ తర్వాత కర్మ ఇంగ్లీషులాగా, నామానికి ముందు విశేషణ వాక్యం తెలుగులాగా! చైనా ప్రాంతపు భాషలను మినహాయిస్తే ప్రపంచంలో ఈ కలయిక చాలా అరుదు.

దీనివల్ల ఒక చమత్కారం జరుగుతుంది. ‘ఙో మాయ్ గో బున్ స్యూ’ అనే మాటలకు వరసగా నేను, కొను, ఆ, పుస్తకాలను లెక్కించే మాట, పుస్తకం అని అర్థం. ఇది ‘నేను ఆ పుస్తకం కొంటాను’ అనే మామూలు వాక్యం కావచ్చు, ‘నేను కొన్న ఆ పుస్తకం’ అనే నామపదబంధమూ కావచ్చు. మాటలూ అవే, వరసా అదే. ముందూ వెనకా ఏముందో చూసి తేల్చుకోవాలి. ‘గె’ అనే ప్రత్యయం పెట్టి చెప్పే మరో పద్ధతిలో ఈ గందరగోళం ఉండదు, కాని రోజువారీ మాటల్లో మొదటి పద్ధతి బాగా వాడతారు. స్టీఫెన్ మాథ్యూస్, వర్జీనియా యిప్ 1994లో ప్రచురించిన కాంటనీస్ వ్యాకరణంలో ఈ రెండు పద్ధతుల వివరణా ఉంది.

విభక్తి లాంటి సంబంధం వచ్చినప్పుడు మాత్రం కాంటనీస్‌వారు ఒక పని చేస్తారు, మనం చేయనిది. ‘నేను వాళ్ళతో భోంచేసిన స్నేహితులు’ అన్నట్టుగా లోపల ఒక సర్వనామాన్ని ఉంచేస్తారు. ఆ ‘వాళ్ళతో’ వల్ల సంబంధం తెగిపోదు. తెలుగులో అలా అంటే వినేవాడు ముఖం అదోలా పెడతాడు.

పెద్దవాళ్ళ చేత మాట్లాడించి చూస్తే

ఈ వాక్యాలను పెద్దవాళ్ళు ఎలా తయారు చేస్తారో తెలుసుకోవడానికి పరిశోధకులు సాధారణంగా బొమ్మలు వాడతారు. ఒక బొమ్మలో ఇద్దరు పిల్లలుంటారు. ఒకర్ని అమ్మ ఎత్తుకుంది, మరొకరు అమ్మను కౌగిలించుకున్నారు. ‘ఇందులో ఎవరి చొక్కా ఎర్రగా ఉంది?’ అని అడిగితే ‘అమ్మ ఎత్తుకున్న పిల్ల’ అనో, ‘అమ్మను కౌగిలించుకున్న పిల్ల’ అనో చెప్పక తప్పదు.

ఇలాంటి పరీక్షల్లో చాలా భాషల్లో కనబడిన సంగతి ఒకటుంది. నామం లోపలి వాక్యానికి కర్త అయితే (‘అమ్మను కౌగిలించుకున్న పిల్ల’) తేలిగ్గా చెబుతారు. కర్మ అయితే, అందులోనూ అది వస్తువు కాకుండా మనిషి అయితే, దారి మార్చుకుంటారు. గెన్నారి, మిర్కోవిచ్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు ఇంగ్లీషు, స్పానిష్, సెర్బియన్ మాట్లాడే పెద్దలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వస్తువు గురించైతే కర్తరి వాక్యం వాడినవారే, మనిషి గురించి చెప్పాల్సి వచ్చేసరికి కర్మణిలోకి మొగ్గారు. చైనా భాషల్లో కర్త తేలికా, కర్మ తేలికా అన్నది మాత్రం ఇంకా తెగని వివాదం. షియావో, గిబ్సన్ 2003లో మాండరిన్ చదివేవారికి కర్మ రకమే తేలికని చూపించారు. తర్వాతి పరిశోధనలు కొన్ని దానికి విరుద్ధంగా వచ్చాయి.

మరి తెలుగువాళ్ళు కర్మణి వాడతారా? ‘నాచేత డబ్బు ఇవ్వబడిన ఏజెంటు’ అని ఏ మేస్త్రీ అయినా అంటాడా? ఆ ‘బడిన’ ఆఫీసు కాగితాల భాష. నాలుగేళ్ళుగా ఇక్కడి మనవాళ్ళ ఫిర్యాదులూ ఉత్తరాలూ చూస్తున్నవాడిగా నేను గమనించిన మార్గాలు నాలుగు.

ఒకటి, కర్తను పైకి చెప్పడం. ‘నేను పైసలిచ్చిన ఏజెంటు.’ ఒక్క ‘నేను’తో చిక్కు విడిపోతుంది. కాని మన భాషలో తెలిసిన కర్తను వదిలేయడం అలవాటు, అందుకే ఇది నోట్లోంచి జారిపోతుంది. ‘ని’ సంగతీ అంతే. ‘కుక్క కరిచిన పిల్లాడు’, ‘కుక్కని కరిచిన పిల్లాడు’ అనే రెంటికీ తేడా ఆ ఒక్క అక్షరమే.

రెండు, క్రియనే మార్చేయడం. ‘నా దగ్గర డబ్బు తీసుకున్న ఏజెంటు.’ ఇప్పుడు ఏజెంటు కర్త అయిపోయాడు, ఏ అనుమానమూ లేదు. కొనడానికి అమ్మడం, ఇవ్వడానికి తీసుకోవడం, వెళ్ళడానికి ‘నాతో రావడం’. ‘నేను మస్కట్ వెళ్ళిన మనిషి’ కుదరకపోయినా ‘నాతో మస్కట్ వచ్చిన మనిషి’ హాయిగా కుదురుతుంది. ఇంగ్లీషువాళ్ళకి కర్మణి చేసే సాయం మనకి ఈ జంట క్రియలు చేస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

మూడు, ‘ఎవరికి డబ్బు ఇచ్చానో ఆ ఏజెంటు’. ఇందులో విభక్తి పోకుండా ‘ఎవరికి’, ‘ఎవరితో’, ‘ఎవరి దగ్గర’ అని నిలబడుతుంది. హిందీ ‘జో – వో’ లాంటిది. ఇది సంస్కృత ప్రభావమా, ద్రావిడ భాషల సొంతమా అనే విషయంలో పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ‘ఎవరైతే వచ్చారో వాళ్ళు’ అని ప్రతిదానికీ వాడితే ఇంగ్లీషు వాసన కొడుతుంది, ‘వచ్చినవాళ్ళు’ అంటే సరిపోతుంది. కాని విభక్తి ముఖ్యమైన చోట దీన్ని మించింది లేదు.

నాలుగు, వాక్యాన్ని విరిచేయడం. ‘ఒక ఏజెంటు ఉన్నడు సార్, ఆయనకు నేను పైసలిచ్చిన.’ చదువుకున్నవాళ్ళం దీన్ని తక్కువగా చూస్తాం. నిజానికి నాలుగింటిలోనూ అనువాదానికి లొంగేది ఇదే. విదేశాల్లో పెరిగి పెద్దవాళ్ళయిన మన పిల్లలు కూడా ‘ఆ అంకుల్ నిన్న వచ్చారు కదా, ఆ అంకుల్’ అని ఈ దారే పడతారు.

పక్కవాళ్ళ భాషలు

ఖురియాత్ కొట్టు ముందు నిలబడ్డ మిగతా భాషల సంగతీ చూద్దాం. అరబిక్ వాడుకలో నామం తర్వాత ‘ఇల్లి’ అని పెట్టి పూర్తి వాక్యం చెబుతారు. విభక్తి అవసరమైన చోట ‘అతనికి’ అనే సర్వనామం తప్పనిసరి. ‘ఏజెంటు – ఇల్లి – నేను డబ్బు ఇచ్చాను అతనికి’ అన్నట్టన్నమాట. సందేహానికి తావు లేదు. హిందీ, ఉర్దూల్లో ‘జిస్‌కో’ ఆ పని చేస్తుంది.

మలయాళం మనలాగే ధాతుజ విశేషణం వాడుతుంది, విభక్తి అక్కడా పోతుంది. కాని వాళ్ళకు ఇవ్వడానికి రెండు క్రియలున్నాయి. నాకో నీకో ఇస్తే ‘తరుక’, మూడో మనిషికి ఇస్తే ‘కొడుక్కుక’. ‘పైస తన్న ఏజెంట్’ అంటే నాకు డబ్బిచ్చినవాడు. మా మేస్త్రీ మలయాళీ అయితే ‘పైస కొడుత్త ఏజెంట్’ అనేవాడు, ఏజెంటు నాకు అప్పిచ్చాడన్న అర్థం అందులోంచి వచ్చేదే కాదు. తెలుగులో రెంటికీ ‘ఇచ్చు’ ఒక్కటే.

ఇక మన ఇంగ్లీషు. ‘ద రూమ్ ఐయామ్ స్టేయింగ్’ అని ఆఖర్న ‘ఇన్’ లేకుండా, ‘ద ఏజెంట్ ఐ గేవ్ ద మనీ’ అని ‘టు’ లేకుండా మనలో చాలామంది అంటాం, నేనూ అంటాను. ‘నేను ఉండే గది’లో ‘లో’ లేదు కదా! ఇరవై ఏళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం చేసినా తెలుగు విభక్తి అలా వెనక తలుపు నుంచి జారిపోతూనే ఉంటుంది.

కాగితం రాసేటప్పుడు

ఊరు కాని ఊళ్ళో నలుగురికి ఉత్తరాలూ ఫిర్యాదులూ రాసిపెట్టే పని మనలో ఎవరికో ఒకరికి పడుతుంది. భారత విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన ‘మదద్’ వంటి వేదికలకు వెళ్ళే ఫిర్యాదు చదివే అధికారికి మన మేస్త్రీ లోకం తెలియదు. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరు ఎవర్ని కొట్టారు, ఏ నెలలో ఇవ్వలేదు అనేవి వాక్యంలోనే ఉండాలి. కాబట్టి ఇన, ఏ, అని అనే రూపాలు కనబడ్డ ప్రతిచోటా ఆగి కర్త ఎవరని అడగండి. డబ్బు, దెబ్బ, మందు, సంతకం అనే నాలుగు మాటల దగ్గర మరీ జాగ్రత్త. ‘మందు ఇచ్చిన డాక్టరు’ బాగానే ఉంటుంది కాని, ‘కొట్టిన సూపర్‌వైజరు’ కొట్టినవాడో దెబ్బలు తిన్నవాడో కేసంతా దాని మీదే నిలుస్తుంది. రాసిన ఇంగ్లీషును తిరిగి తెలుగులో చదివి వినిపించండి. నేను ఆ రోజు ఈ ఒక్క పని చేసి ఉంటే అతనికి మూడు వారాలు కలిసొచ్చేవి.

రెండోసారి ఇద్దరం కూర్చుని రాశాం. “నేను ఫలానా తేదీన, ఫలానా ఊళ్ళో, ఈ ఏజెంటు చేతికి ఎనభై వేల రూపాయలు ఇచ్చాను” అని విశేషణ వాక్యం లేకుండా మొదలుపెట్టాం. అప్పు ప్రసక్తి మళ్ళీ రాలేదు. తర్వాత వచ్చిన ప్రశ్న ‘రసీదు ఉందా’ అని. ఉంది, ఏజెంటు సంతకంతో ఉంది. అది చూపిస్తూ మేస్త్రీ అన్నాడు, “గిదే సార్, సంతకం పెట్టిన కాయిదం.” ఎవరు పెట్టిన సంతకం అని ఈసారి అడిగి మరీ రాసుకున్నాను.